అమ్మానాన్నలతో అయితే సొనోమాకే

కాలిఫోర్నియాలో ఉండే మన తెలుగువాళ్లలో, ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చిన ప్రతి ఇంట్లోనూ ఈ ప్రశ్న వస్తుంది: రెండు రోజులు శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఉన్న ద్రాక్షతోటల ఊళ్ల వైపు తీసుకెళ్లాలంటే కాలిస్టోగా మంచిదా, సొనోమా మంచిదా? అడిగితే మనవాళ్లలో ఎక్కువమంది కాలిస్టోగా అంటారు. అక్కడ వేడినీటి ఊటలున్నాయి, మోకాళ్ల నొప్పులకు హాయిగా ఉంటుందని. మేమూ ఆ మాట పట్టుకునే మొదట అక్కడికి వెళ్లాం. రెండు ఊళ్లూ చూశాక, నా ఓటు సొనోమాకే.

కాలిస్టోగా అందమైన ఊరే. వైన్‌కు పేరున్న నాపా లోయకు ఉత్తరపు కొసన, సెయింట్ హెలెనా కొండ నీడలో ఉంటుంది. 1860లలో శామ్ బ్రానన్ అనే వ్యాపారి ఆ వేడి ఊటలను చూసి విడిది కట్టించాడు. దేశమంతా ఒకే పేరుతో నడిచే హోటళ్లను ఊళ్లోకి రానివ్వకూడదని అక్కడివాళ్లు నిబంధన పెట్టుకున్నారు. ఆ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. కానీ ఊరికి పేరు తెచ్చింది బురద స్నానం. అగ్నిపర్వతపు బూడిద కలిపిన వేడి బురదలో మెడ దాకా ముంచి పడుకోబెడతారు. అమ్మకు రక్తపోటు ఉందని తెలియగానే వద్దన్నారు, అది సబబే. పోనీ వేడినీటి కొలనులో దిగుదామంటే ఈత దుస్తులు వేసుకోవాలి. అమ్మ వేసుకోనంది. చేతిసంచి ఒడిలో పెట్టుకుని, చీర కుచ్చెళ్లు తడవకుండా కాస్త పైకి పట్టుకుని, గట్టు మీద కుర్చీలో రెండు గంటలు కూర్చుంది. "నాకేమమ్మా, బాగానే ఉంది, మీరు కానివ్వండి" అంది. ఎవరి కోసం వెళ్లామో ఆ మనిషే గట్టు మీద మిగిలిపోయింది. దంపతులిద్దరే వెళ్లేట్లయితే నేను మళ్లీ కాలిస్టోగాకే వెళ్తాను. పెద్దవాళ్లతో మాత్రం వెళ్లను.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో సొనోమా వెళ్లాం. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సుమారు 45 మైళ్లు. కాలిస్టోగా ఇంకో 30 మైళ్లు దూరం. ఊరి నడుమ ఎనిమిది ఎకరాల ప్లాజా ఉంది. 1835లో, ఇది మెక్సికో నేలగా ఉన్న రోజుల్లో, వయేహో అనే సైనికాధికారి ఊరికి గీతలు గీసినప్పుడు వదిలిన ఖాళీ స్థలమది. పెద్ద చెట్లు, బల్లలు, బాతుల కొలను, పిల్లలకు ఉయ్యాలలు. లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, ముందుగా సమయం తీసుకోనక్కర్లేదు. మేము తీసుకెళ్లిన పులిహోర, పెరుగన్నం అక్కడే ఒక బల్ల మీద విప్పి తిన్నాం.

ప్లాజాకు ఎదురుగానే 1823లో మొదలైన మిషన్. మిషన్ అంటే ఆదివాసులను క్రైస్తవులుగా మార్చడానికి పాదిరీలు నడిపిన కేంద్రం. కాలిఫోర్నియాలోని 21 మిషన్లలో చివరిది ఇదే. దాని పక్క గోడ దగ్గర ఒక రాతిపలక ఉంది, అక్కడ పనిచేస్తూ చనిపోయిన ఆదివాసుల పేర్లతో. ఎనిమిది వందలకు పైగా పేర్లు. అన్నీ బాప్టిజంలో పెట్టిన స్పానిష్ పేర్లే. అమ్మ నా చేత కొన్ని చదివించుకుని, "వీళ్ల అసలు పేర్లు ఏవమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నాలుగు వీధులు తూర్పుగా నడిస్తే ద్రాక్షతోటలు వచ్చేస్తాయి. ఫిబ్రవరిలో తీగలకు ఆకు ఉండదు, కానీ వరుసల మధ్య ఆవపూలు పసుపు ఆరబోసినట్టు పూసి ఉంటాయి. మనవాళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, గదుల ధరలు మండిపోతున్నప్పుడే ఎందుకు వెళ్తారో నాకు అర్థం కాదు. నాన్నగారు మేడ్చల్ దగ్గర చాలా ఏళ్లు అనాబెషాహి ద్రాక్ష తోట పెంచారు. అక్కడ తీగ మనిషి తలకు పైన పందిరి మీద పాకుతుంది. ఇక్కడ నడుము ఎత్తు తీగలు. ఆయన బాట పక్కనే వంగి, కత్తిరించిన ఒక కొమ్మను ముట్టుకోకుండా పరీక్షగా చూశారు. "చిగురు వేసే కళ్లు రెండు వదిలి కోశారు. మాకు ఏడాదికి రెండు కత్తిరింపులు. ఇక్కడ చలికి తీగ నిద్రపోతుంది కాబట్టి ఒక్కటే సరిపోతుంది" అన్నారు. అంతకుముందు మూడు నెలలుగా మా ఇంట్లో అన్నీ మేము చెబితే ఆయన వింటున్నారు. ఆ బాట మీద ఆయన చెబితే మేము విన్నాం.

వైన్ సంగతి ఏమిటంటారా? ప్లాజా చుట్టూ రుచి చూపించే గదులు ఉన్నాయి. నా భర్త ఒక గంట వెళ్లి వచ్చారు. మిగిలినవాళ్లకు దాని అవసరమే రాలేదు. మనం తాగం కదా, అక్కడేముందని అడిగేవాళ్లకు నేను చెప్పేది, అది పొలాల మధ్య ఉన్న ఊరని.

మన సబర్బులలో పెద్దవాళ్లకు కాళ్లు లేవు. పాల ప్యాకెట్టుకైనా, గుడికైనా మన కారే దిక్కు. ఆరు నెలలు వాళ్లు మన శనివారాల కోసం ఎదురుచూస్తారు. అందుకే గది తీసుకునేటప్పుడు వేడినీటి ఊటలు ఉన్నాయా అని కాకుండా, తలుపు తీసుకుని ఎవరి తోడూ లేకుండా ఎక్కడికి నడిచి వెళ్లగలరని చూడండి. ప్లాజాకు రెండు వీధుల లోపు గది దొరికితే కాస్త ఎక్కువైనా తీసుకోండి. బుధ, గురువారాల్లో అయితే ధర కొంత దిగుతుంది.

రెండో రోజు పొద్దున మేము లేచేసరికి నాన్నగారు గదిలో లేరు. కంగారుగా ప్లాజాకు వెళ్తే, స్వెట్టరు మీద మఫ్లరు చుట్టుకుని, కాగితం కప్పులో కాఫీ పట్టుకుని, ఎండ పడే బల్ల మీద కూర్చుని ఉన్నారు. కాఫీ ఆయనే కొనుక్కున్నారు. చిల్లర లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు.