జీతం పోయింది, ఇంటిపెద్ద బరువు మిగిలింది

దక్షిణ కొరియాలో నడివయసు దాటినవాళ్లు ‘ఐఎంఎఫ్ వచ్చినప్పుడు’ అంటుంటారు, ఏదో తుఫాను వచ్చిపోయినట్టు. ఆర్థిక సంక్షోభంలో పడ్డ దేశానికి 1997 డిసెంబరులో అప్పిచ్చిన సంస్థ, అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్), పేరే ఆ కష్టకాలానికి పేరైపోయింది. అప్పుతోపాటు షరతులూ వచ్చాయి. మూడు నెలలు తిరక్కుండానే ఉద్యోగులను మూకుమ్మడిగా తీసేయడానికీ, ఏజెన్సీల ద్వారా మనుషులను పెట్టుకోవడానికీ చట్టాలు దారి తెరిచాయి.

పొద్దున్నే సూటేసుకుని, బ్రీఫ్‌కేసు పట్టుకుని బయల్దేరి, ఆఫీసుకు బదులు కొండెక్కి కూర్చుని సాయంత్రానికి ఇల్లు చేరిన మగవాళ్ల కథలు అప్పటివే. ఉద్యోగం ఊడిందని భార్యాబిడ్డలకు చెప్పడానికి నోరు రాలేదు. ‘తలవంచుకున్న తండ్రి’ అని పత్రికలు జాలిపడ్డాయి. ఆ జాలి ఊరికే పోలేదు. 1999 ఆరంభంలో వ్యవసాయ సహకార సంస్థ నోంగ్‌హ్యప్, తన దగ్గరే పనిచేస్తున్న 762 దంపతుల జంటల్లో ఒక్కొక్కరిని సాగనంపాలని చూసింది. రాజీనామా చేసినవాళ్లలో అత్యధికులు భార్యలే. మొగుడి ఉద్యోగం నిలబడాలంటే పెళ్లాం ఇంటికెళ్లాలన్నమాట! మార్కెట్‌కు ఆడా మగా తేడా లేదంటారు గానీ, వేటు వేసేటప్పుడు పాత పితృస్వామ్యం దానికి బాగానే అక్కరకొచ్చింది.

ఆ తండ్రుల కొడుకులది ఇంకో చిక్కు. జీవితాంతం ఉండే కొలువు అరుదైంది, పెళ్లికి ఇల్లు చూసుకోవాల్సింది వరుడే అన్న లెక్క మాత్రం పూర్తిగా పోలేదు. సియోల్‌లో ఇంటి ధర వింటేనే గుండె గుభేలుమంటుంది. పైగా మగవాళ్లకు సైన్యంలో తప్పనిసరిగా ఏడాదిన్నర సేవ. ఆ సేవకు ప్రభుత్వోద్యోగ పరీక్షల్లో కలిపే అదనపు మార్కులను, ఆడవాళ్లకూ వికలాంగులకూ అన్యాయమంటూ 1999 డిసెంబరులోనే రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. తీర్పు సబబే. అయితే కొలువులు కరువైన వేళ వచ్చిన తీర్పది. చాలామంది కుర్రాళ్ల కంటికి కనబడింది కొలువులు మింగిన చట్టం కాదు, పక్క సీట్లో పరీక్ష రాస్తున్న అమ్మాయి.

ఆ అమ్మాయి సంగతి చూస్తే, ఆడా మగా జీతాల మధ్య తేడా దాదాపు 30 శాతం, సంపన్న దేశాల కూటమి ఓఈసీడీలో అన్నిటికన్నా ఎక్కువ. అయినా ‘మేమే బాధితులం’ అన్న మగపిల్లల మాట 2022 అధ్యక్ష ఎన్నికల్లో ఓట్లు రాల్చింది. మహిళా, కుటుంబ శాఖను రద్దు చేస్తానన్న యూన్ సక్ యోల్‌కు ఇరవైల్లోని యువకుల్లో దాదాపు 59 శాతం మంది ఓటేశారని ఎగ్జిట్ పోల్స్ చెప్పాయి. అదే వయసు యువతుల్లో 58 శాతం ప్రత్యర్థి వైపు. యూన్ గెలిచాడు. ఏజెన్సీ కొలువుల చట్టం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.