చర్చల పక్కన వేసే అంకెలపై నా ఫిర్యాదు

ఇంటర్నెట్ చర్చా వేదికలను రూపొందించేవారు చర్చ శీర్షిక పక్కన "248 రిప్లైలు, 9 వేల వీక్షణలు" అని వేసి తమ పని పూర్తయిందనుకోవడం నాకు చాలాకాలంగా చికాకు కలిగిస్తోంది. ఆ అంకెలు వేదిక నడిపేవారికి గొప్పగా చెప్పుకోవడానికి పనికొస్తాయేమో గాని, ఆ చర్చను తెరవాలా వద్దా అని తేల్చుకోవలసిన పాఠకుడికి ఏమీ చెప్పవు. నేను కిందటిసారి చూసి వెళ్లాక కొత్తగా చేరినవి ఎన్ని, వాటిని రాసింది ఇరవై మందా లేక పంతం పట్టిన ఇద్దరా, అడిగిన ప్రశ్నకు జవాబు దొరికిందా అన్నవే నాకు కావాలి.

ఇది కొత్తగా కనిపెట్టవలసిన విద్యేమీ కాదు. వెబ్ కంటే ముందే ఉన్న చర్చా వ్యవస్థ యూజ్‌నెట్ రోజుల్లో, ప్రోగ్రామర్ లారీ వాల్ 1984లో ఆ చర్చలు చదివేందుకు ఆర్‌ఎన్ అనే ప్రోగ్రాం రాసిన నాటికే, పాఠకుడి ఖాతాలో ఒక చిన్న ఫైలు ఉండి, ఏ న్యూస్‌గ్రూపులో (అంటే ఒక్కో విషయానికి ఉన్న చర్చా విభాగంలో) ఏ సంఖ్య గల పోస్టు నుంచి ఏ సంఖ్య వరకు చదివాడో అందులో నమోదయ్యేది. ప్రోగ్రాం తెరవగానే ఏ గ్రూపులో చదవనివి ఎన్ని ఉన్నాయో చెప్పి, ఇప్పుడు చదువుతావా అని అడిగేది.

తర్వాత వచ్చిన వెబ్ వేదికలు ఆ మర్యాదను సగమే నిలుపుకున్నాయి. 2000లో మొదలైన పీహెచ్‌పీబీబీ అనే చర్చా వేదికల సాఫ్ట్‌వేర్‌లో చదవని చర్చకు వేరే బొమ్మ ఉండటం మంచి ఏర్పాటే. అయితే రిప్లైలు నిర్వాహకుడు పెట్టిన హద్దు దాటగానే ఆ చర్చకు జనాదరణ గుర్తు వచ్చేది. మొత్తం లెక్క దానంతటది తగ్గదు కనుక, ఏనాడో చల్లారిన తగాదా కూడా అదే గుర్తుతో కొనసాగేది.

చివరి రిప్లైని బట్టి చర్చను పైకి తెచ్చే పద్ధతిలో ఇంకో చిక్కు ఉంది. "ధన్యవాదాలండీ" అన్న ఒక్క మాటతో పాత చర్చ మళ్లీ జాబితా నెత్తికెక్కుతుంది. 1999లో మొదలైన జపాన్ వేదిక 2ఛానెల్‌లో మెయిల్ గడిలో "సగే" (sage, జపనీస్‌లో దించడం అని) రాస్తే చర్చ పైకి లేవకుండానే రిప్లై చేరేది. నా రిప్లై పదిమందినీ పిలవదగినదా కాదా అన్న నిర్ణయాన్ని రాసేవాడికే వదిలిన ఆ ఏర్పాటు నాకు ఎంతో తెలివైనదిగా అనిపిస్తుంది. హ్యాకర్ న్యూస్ అనే సాంకేతిక వార్తల చర్చా వేదికలోనైతే వ్యాఖ్యలు ఓట్లను మించి ఎగబాకితే దానిని గొడవకు లక్షణంగా తీసుకుని ర్యాంకు తగ్గించే పద్ధతి ఉంది. అదే వ్యాఖ్యల సంఖ్యను చాలాచోట్ల ఆకర్షణగా చూపిస్తున్నారు మరి!

ఇప్పటి వాటిలో డిస్కోర్స్ అనే చర్చా వేదికల సాఫ్ట్‌వేర్ పద్ధతి నాకు నచ్చుతుంది. మనం ఆగిన చోటును గుర్తుపెట్టుకుని, పోస్టు తెరపై నిలిచిన సమయాన్ని బట్టి చదివినట్టు లెక్కించి, పాల్గొన్నవారి చిన్న బొమ్మలను జాబితాలోనే చూపిస్తుంది. వికీపీడియా చర్చా పేజీలలో శీర్షిక కిందనే చివరి వ్యాఖ్య ఎప్పటిదో, వ్యాఖ్యలు ఎన్నో, మనుషులు ఎందరో విడివిడిగా చూపడం ఇంకా బాగుంది. నలభై వ్యాఖ్యలు, ఇద్దరు మనుషులు అని కనిపిస్తే నేను నిశ్చింతగా దాటిపోతాను. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో అడిగినవాడు అంగీకరించిన జవాబు ఉన్న ప్రశ్న జాబితాలోనే వేరుగా తెలుస్తుంది. పని మీద వచ్చినవాడికి అంతకు మించిన సమాచారం అక్కర్లేదు.

మన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులనే చూడండి. శుభోదయాల గుట్టతో పెరిగిన ఆకుపచ్చ అంకెకు, నీళ్ల ట్యాంకరు రావడం లేదన్న కబురుతో పెరిగిన అంకెకు తేడా కనబడదు. మనల్ని పేరుపెట్టి పిలిచినప్పుడు అంకె పక్కన కనిపించే చిన్న గుర్తు ఒక్కటే అక్కడ నమ్మదగినది. ప్రతి పాఠకుడికీ విడిగా లెక్క ఉంచడం సర్వర్లకు భారమని వాదించేవారు ఉన్నారు. వీక్షణల లెక్కకు, నన్ను వెంటాడే ప్రకటనల లెక్కకు లేని భారం నేను ఎక్కడ ఆగానో గుర్తుంచుకోవడానికి మాత్రం ఎందుకొస్తుందో వారే చెప్పాలి.