వెనక్కి వెళ్లే రుతుపవనాలు, ముందుకొచ్చే అల్పపీడనం
ఈ వాతావరణ వార్తలో రాజస్థాన్‌లో నైరుతి రుతుపవనాల తిరోగమనం మొదలైందని పైన, ఒడిశా, కోస్తాంధ్ర, తెలంగాణల్లో రెండు మూడు రోజులు భారీ వర్షాలని కింద రాశారు. ఇదేం లెక్క అని కామెంట్లలో కొందరు వెటకారం చేస్తున్నారు. సెప్టెంబరు చివర్లో ఇది మామూలే కదండీ! పశ్చిమ రాజస్థాన్ నుంచి సాధారణంగా సెప్టెంబరు 17 ప్రాంతంలో తిరోగమనం మొదలైతే, దేశం మొత్తం ఖాళీ అయ్యేసరికి అక్టోబరు 15 అవుతుంది. ఈలోగా బంగాళాఖాతంలో అల్పపీడనం పుడితే మనకు వాన తప్పదు.

వార్తలో నాకు నచ్చనిది వేరే ఉంది. 'భారీ', 'అతి భారీ' అని రాసి వదిలేశారు. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజులో పడిన వాన 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. ఆ రోజు అన్నది కూడా ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 దాకా. 'రేపు వాన' అంటే ఎల్లుండి తెల్లవారుజామున పడే వానా అందులోనే వస్తుంది. రేపు సాయంత్రం ఆకాశం చూసి 'అంతా ఉత్తిదే' అనేస్తే ఎలా?

మా వరంగల్ వైపు ముందుగా వేసిన పత్తి కాయలు పగులుతున్నాయి. తడిస్తే దూది నల్లబడుతుంది, తేమ 12 శాతం దాటితే కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. కూలీలను ఇవాళే పిలవాలా, ఆగాలా అన్నదే ఇక్కడ టెన్షన్. అందుకే దేశం మ్యాప్ ఒక్కటే కాకుండా జిల్లాలవారీ హెచ్చరికలూ వేయండి.