సవరణ: ఏకశిల గుట్టది లావా రాయి కాదు

మొన్న ఖిలా వరంగల్‌లో పిల్లలతో ఏకశిల గుట్ట ఎక్కిన ఫొటోలు పెట్టి, "ఇదంతా గడ్డకట్టిన లావా" అని రాశాను. అది తప్పు. జియాలజీ చెప్పే ఒక లెక్చరర్ సరిదిద్దారు, పాఠ్యపుస్తకాల్లోనూ చూసుకున్నాను.

ఇది గ్రానైట్. శిలాద్రవం పైకి పొంగకుండా నేల లోతుల్లోనే చల్లారింది, దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద. పైపొరలు అరిగిపోయాకే ఇలా బోడిగా బయటపడింది. ఈసారి వెళ్తే రాయి మీద వంగి చూడండి: లేత ఫెల్డ్‌స్పార్, గాజులాంటి క్వార్ట్జ్, నల్లటి పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. పలుకులు అంత పెద్దగా కట్టాలంటే నిదానంగా చల్లారాల్సిందే. లావాకు అంత టైం దొరకదు.

నేను కలగలిపింది ఆదిలాబాద్ వైపు నల్లరాయితో. అది నిజంగానే లావా, సుమారు 6.6 కోట్ల ఏళ్లది.

పిల్లలకూ మళ్లీ చెప్పాను.