‘పాలు చాలట్లేదేమో’ గారికి ఒక బాలింత ఉత్తరం

మహారాజశ్రీ ‘పాలు చాలట్లేదేమో’ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ బిడ్డ క్షేమం, బిడ్డ బరువు క్షేమం, ఉచ్చగుడ్డలు దండెం నిండా క్షేమం. తమరు వచ్చి వెళ్ళిన రోజున మాత్రం తల్లి అంత క్షేమంగా ఉండదు. ఆ సంగతి మాట్లాడదామనే ఈ ఉత్తరం.

మనకి పరిచయాలు అక్కర్లేదు. బిడ్డని తుడిచి, గుడ్డలో చుట్టి నా పక్కన పడుకోబెట్టారో లేదో తమరు గదిలో ప్రత్యక్షం. అప్పటికి బిడ్డ ఎవరి పోలికో తేలలేదు. ఆస్పత్రి బిల్లు ఎంతో తేలలేదు. నాకు నడుము కింద మత్తు కూడా వదల్లేదు. పాలు చాలవని మాత్రం తేలిపోయింది. ఆ వేగానికి ముందుగా నా నమస్కారం.

రెండో నమస్కారం తమరి తెలివికి. పరాయివాళ్ళ నోట వస్తే ఎవరు లెక్కచేస్తారు? అందుకే తమరెప్పుడూ అయినవాళ్ళ నోటే వస్తారు. అమ్మ నోట, అత్తగారి నోట, యాపిల్ పళ్ళ కవరుతో వచ్చిన పెద్దమ్మ నోట, లిఫ్టులో కనిపించిన ఎదురింటి ఆంటీ నోట. అందరూ మంచివాళ్ళే, అందరికీ బిడ్డ మీద ప్రేమే. తిట్టడానికి ఒక్కరూ దొరకరు. బిడ్డ ఏడిస్తే ‘పాలు చాలట్లేదేమో’. ఏడవకుండా పడుకుంటే ‘మరీ మగతగా ఉంది, పాలు చాలక నీరసపడిందేమో’. గంటకోసారి తాగితే కడుపు నిండక. మూడు గంటలు తాగకపోతే పాలు రాక. వేలు చప్పరిస్తే ఆకలి, చప్పరించకపోతే చప్పరించే ఓపిక కూడా లేక. బిడ్డ తుమ్మినప్పుడైనా తమరు ఊరుకుంటారనుకున్నా. ‘పాలు పడక జలుబు చేసిందేమో’ అని వేషం మార్చుకుని వచ్చారు.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలండీ. చెంచాలతో కొలిచేటంతే ఉంటాయి. ఆ చిట్టి పొట్టకి అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు కూడా. అసలు పాలు పొంగుకొచ్చేది రెండో రోజుకీ నాలుగో రోజుకీ మధ్య. కడుపు కోసి బిడ్డని తీస్తే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఇక మన దగ్గర కోతలకేం కొదవ? 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనని తేలింది. దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంత లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. కుట్ల నొప్పితో పక్కకి తిరగలేని మనిషి, పొత్తిళ్ళలో బిడ్డ, ఇంకా పొంగని పాలు. తమరి వ్యాపారానికి ఇంతకన్నా మంచి సీజను ఎక్కడ దొరుకుతుంది?

అక్కడితో ఆగినా బాగుండేది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ నుంచి రాత్రి పది దాకా బిడ్డ రొమ్ము వదలదు. తాగుతుంది, వదిలేస్తుంది, ఏడుస్తుంది, మళ్ళీ వెతుక్కుంటుంది. చాలామంది పిల్లలు చేసే పనే ఇది. మూడు వారాల దగ్గర, ఆరు వారాల దగ్గర ఒక్కసారిగా ఎదిగే రోజుల్లో మరీ ఎక్కువ. ఏడుపు కూడా ఆరు వారాలప్పుడే తారస్థాయికి వెళ్ళి, తర్వాత మెల్లగా దిగుతుందని అమెరికా పిల్లల డాక్టరు బ్రాజెల్టన్ 1962లోనే లెక్కలతో రాసిపెట్టాడు. కడుపు నిండిన పిల్లలూ ఏడుస్తారన్నమాట. ఆ కాగితం తమరి దాకా రాలేదు. వచ్చినా, గుక్కపట్టి ఏడ్చే బిడ్డ ముందు బ్రాజెల్టన్ మాట ఎవరు వింటారు? అక్కడ వినపడేది తమరి గొంతే.

ఇక తమరి అసలు ప్రతిభ గురించి. బిడ్డ నోరు పెట్టగానే పాలు చేపుకి రావాలంటే తల్లి కాస్త కుదురుగా ఉండాలి. నొప్పి, భయం, టెన్షన్ ఎక్కువైతే చేపు ఆలస్యమవుతుంది. పాలు లేక కాదు, ఉన్నవి దిగక. సరిగ్గా తల్లి బిడ్డని ఒళ్ళోకి తీసుకున్న క్షణంలో నలుగురు చుట్టూ చేరి రొమ్ము వంకా బిడ్డ వంకా మార్చి మార్చి చూస్తుండగా తమరు విచ్చేస్తారు. ఆమె గుండె జారుతుంది, పాలు దిగవు, బిడ్డ ఏడుస్తుంది. ‘నే చెప్పలా?’ అంటారు తమరు. ఆ తర్వాత మందు కూడా తమరే చెబుతారు: రాత్రికి ఒక్క సీసా పట్టండి, తల్లీ నిద్రపోతుంది, బిడ్డా నిద్రపోతుంది. సీసా తాగిన బిడ్డ ఆ పూట రొమ్ము పట్టదు. పట్టని రొమ్ములో పాల తయారీ తగ్గుతుంది, ఎందుకంటే ఎంత తాగితే అంత ఊరడమే దాని లెక్క. పది రోజుల్లో పాలు నిజంగానే చాలవు. జాతకం చెప్పి, దగ్గరుండి దాన్ని నిజం చేయించే జ్యోతిష్కుణ్ణి నేను మరెక్కడా చూడలేదు.

పాలడబ్బా కంపెనీల మీద మన దేశంలో 1992 నుంచి చట్టం ఉంది. ప్రకటనలు వేయకూడదు, ఉచిత శాంపిళ్ళు పంచకూడదు, డబ్బా మీద బొద్దుగా ఉన్న పాపాయి బొమ్మ పెట్టకూడదు. పైగా తల్లిపాలే బిడ్డకి శ్రేష్ఠమని ఆ డబ్బా మీద వాళ్ళే అచ్చు వేయించాలి. తన సరుకు మీద తనే పక్కవాడి సరుకు మేలని రాసుకోవాల్సిన పాపం ఇంకే వ్యాపారికీ పట్టలేదు. తమరి మీద మాత్రం ఏ చట్టమూ లేదు. వాళ్ళు ప్రకటనలకి పెట్టలేని ఖర్చంతా తమరు ఉచితంగా, ఇంటింటికీ తిరిగి, కాఫీ కూడా తాగి మరీ చేసిపెడుతున్నారు. ఈ సేవకి తమరికి కమీషన్ ఏమీ రాకపోవడం అన్యాయం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పాలు నిజంగా చాలని తల్లులు ఉన్నారు. థైరాయిడ్ తేడాలు ఉంటాయి, రొమ్ముకి ఆపరేషన్ జరిగి ఉంటుంది, మాయ ముక్క లోపల మిగిలిపోయి ఉంటుంది, ఒక్కోసారి కారణమే దొరకదు. అలాంటి ఇంట్లో ఆ డబ్బా బిడ్డ ప్రాణం నిలిపే వస్తువు. ఆ తల్లి డాక్టరు చెప్పినట్టు పొడి కలిపి పడుతుంటే తమరు ఏం చేస్తారో నాకు తెలుసు. వేషం తిప్పేస్తారు. ‘అయ్యో, డబ్బాపాలా? మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా!’ అని బుగ్గ నొక్కుకుంటారు. పాలున్న తల్లికి లేవని, లేని తల్లికి ఇవ్వట్లేదని. ఈ రెండో వేషం చూశాకే తమరికి ఉత్తరం రాయాలని నిశ్చయించుకున్నాను. తమరి బాధ బిడ్డ ఆకలి గురించి అయితే, రెండో ఇంట్లో కడుపు నిండిన బిడ్డని చూసి సంతోషించేవారు కదా.

తమరిని వార్డులోంచి మొదట తరిమింది డాక్టరమ్మ కాదు. ఆవిడకి రౌండ్లు ఉన్నాయి. పక్క మంచం ఆవిడ. మూడో కాన్పు, చేతికి సెలైన్ సూది, జుట్టుకి రబ్బరు బ్యాండు. నా అవస్థ కాసేపు చూసి మంచం దిగి వచ్చింది. ‘చెల్లెమ్మా, మొన ఒక్కటీ నోట్లో పెడితే అది నములుద్ది గానీ తాగదు. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, నల్లటిదంతా లోపలికి పోయేట్టు పెట్టు. నువ్వు వంగమాక, బిడ్డనే నీ దగ్గరికి లాక్కో’ అంది. నా వీపు వెనక దిండు సర్దింది. బిడ్డ గుటక వేసిన చప్పుడు నాకన్నా ముందు ఆవిడే విని, ‘అదిగో, దిగుతున్నాయి’ అని తన మంచం మీదికి వెళ్ళిపోయింది. ఇదంతా జరుగుతుంటే తమరు గదిలోనే ఉన్నారు, కిటికీ పక్కన కుర్చీలో. లేచి దిండు అందించారా?

ఆశా కార్యకర్త సంగతి చూడండి. ఆస్పత్రిలో కాన్పైతే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి చూడాలని ఆమెకి ప్రభుత్వం రాసిచ్చింది. వచ్చినప్పుడు తూకం తెస్తుంది. పుట్టిన కొత్తలో పిల్లలు కాస్త బరువు తగ్గుతారని, రెండు వారాలకల్లా ఎక్కువమంది దాన్ని తిరిగి తెచ్చుకుంటారని చెబుతుంది. తూకం ముల్లు చూపిస్తుంది. తమరికి షెడ్యూలూ లేదు, తూకమూ లేదు. చంక కింద చెయ్యి పెట్టి బిడ్డని ఒకసారి ఎగరేసి, ‘తేలిగ్గా ఉంది’ అని తీర్పు ఇచ్చేస్తారు.

అన్నిటికన్నా తమరికి ఎదురుదెబ్బ తగిలింది టీకాల బెంచీ మీద. ఆరు వారాలకి, పదికి, పద్నాలుగుకి సూదులు. బుధవారం పొద్దున్నే ఆరోగ్య కేంద్రం వరండాలో తల్లులంతా కార్డులు పట్టుకుని కూర్చుంటాం. అక్కడ ఎవరూ ఎవరికీ చుట్టం కాదు, కాబట్టి ఎవరూ ఏదీ దాచరు. ఒకమ్మాయి, మహా అయితే ఇరవై రెండేళ్ళుంటాయి, కళ్ళ కింద నల్లటి వలయాలతో తమరినే తలుచుకుని ఏడుస్తోంది. ఆమెని అక్కడ ఎవరూ ఓదార్చలేదు, ప్రశ్నలడిగారు. రోజుకి ఎన్ని ఉచ్చలు? ఏడెనిమిది. తెల్లగా పోస్తుందా, పచ్చగానా? తెల్లగానే. కార్డులో బరువు? పెరిగింది. ‘మరింకేం? ఆరు దాటితే తాగుతున్నట్టే. ఉచ్చలు తగ్గి, బరువు పెరక్క, లేపినా లేవకుండా పడుకుంటే అప్పుడు పరిగెత్తు డాక్టరు దగ్గరికి’ అని ఒకావిడ తేల్చేసింది. ఇంకొకావిడ తన బ్యాగులోంచి కారప్పొడి అన్నం తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టి, బిడ్డని తన భుజాన వేసుకుంది. ‘ముందు నువ్వు తిను. మీ ఇంట్లో బిడ్డ తాగిందా అని అడుగుతారు గానీ నువ్వు తిన్నావా అని ఎవరడిగారు?’ పాపం, ఆ ప్రశ్నకి ఆ అమ్మాయి ఇంకా గట్టిగా ఏడ్చింది. ఈసారి ఏడుపు వేరు.

తమరికి పాస్‌పోర్టు కూడా ఉందని మా వదిన చెప్పింది. ఆమె డల్లాస్‌లో ఉంటుంది. కాన్పుకి వాళ్ళమ్మ ఆరు నెలల వీసా మీద వెళ్ళింది, సూట్‌కేసులో శొంఠిపొడి, వెల్లుల్లి కారం, తెలగపిండి. కస్టమ్స్ వాళ్ళు తెలగపిండి పొట్లం విప్పి అడిగారట, ఇదేమిటని. తమరిని మాత్రం ఎవరూ అడగలేదు. వాళ్ళమ్మ నోట్లో కూర్చుని హాయిగా దిగిపోయారు. ఇప్పుడు నాకు పగలైతే వదినకి రాత్రి, ఆమెకి పగలైతే నాకు రాత్రి. ఇద్దరిలో ఎవరు ఏ వేళప్పుడు బిడ్డని ఒళ్ళో వేసుకున్నా రెండోవాళ్ళు మేలుకునే ఉంటారు. గంటసేపు ఫోన్లో మాట్లాడుకుంటాం. పెద్ద విషయాలేం కాదు. కుట్లు ఎండాయా, జుట్టు రాలుతోందా, మీ ఆయన డైపరు తిరగేసి కట్టాడా. ఆ గంటలో తమరు మా ఇద్దరి ఇళ్ళలోనూ లేరు.

ఆ అమెరికాలోనే, సీసాపాలే నాగరికం అనుకుంటున్న రోజుల్లో, 1956లో ఇల్లినాయి రాష్ట్రంలో ఏడుగురు తల్లులు ఒకచోట చేరి ఇదే పని మొదలుపెట్టారు. తల్లి పక్కన తల్లి కూర్చుని ధైర్యం చెప్పడం. లా లెచే లీగ్ అని పేరు. అంటే తమరి గోత్రం అక్కడా ఉందన్నమాట, దానికి విరుగుడూ ఇక్కడి మాదిరే అక్కడా దొరికింది. హైదరాబాద్‌లో నీలోఫర్ ఆస్పత్రికి వెళ్తే ఇంకా ఆశ్చర్యపోతారు. అక్కడ తల్లిపాల బ్యాంకు ఉంది. తమ బిడ్డ తాగగా మిగిలినవి తల్లులు ఇస్తే, నెలలు నిండకుండా పుట్టిన ఎవరి బిడ్డకో పడతారు. చాలట్లేదేమో అని తమరు బెదిరించిన తల్లుల్లో కొందరి పాలు పక్కవాళ్ళకి కూడా చాలుతున్నాయి.

తమరిని పూర్తిగా రావద్దంటే మా అమ్మ బాధపడుతుంది, అత్తగారు భోజనం మానేస్తారు. కాబట్టి షరతులు రాస్తున్నాను. వచ్చేముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. ఒక పూట వంట చెయ్యండి, లేదా అంట్లు తోమండి. నా చేతికందేలా ఒక చెంబు నీళ్ళు పెట్టండి, బాలింతకి నీళ్ళెక్కువ పడకూడదని మళ్ళీ ఇంకో కబురు మోసుకురాకండి. బిడ్డ తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా తట్టండి, నేను ఓ గంట పడుకుంటాను. గుడ్డలు మార్చండి. మార్చినప్పుడల్లా గోడ మీద గీత పెట్టండి. సాయంత్రానికి గీతలు లెక్కపెట్టి ఆరుకి తగ్గితే అప్పుడు నోరు తెరిచి తమరి పేరు మీరే చెప్పుకోండి, నేనే ఆటో పిలుస్తాను. అందాకా తమరు కుర్చీలో ఊరికే కూర్చోవడానికి వీల్లేదు. ఆ కుర్చీ పక్క మంచం ఆవిడ వచ్చినప్పటికని అట్టే పెట్టాను.

ఇట్లు,
తమరికి ఎంతమాత్రం విధేయురాలు కాని
ఒక బాలింత

తా.క.: అన్నప్రాశన దగ్గర పడుతోంది. ఆ రోజు తమరి చెల్లెలు ‘ఒళ్ళు చెయ్యట్లేదేమో’ గారు అక్షింతలు వెయ్యడానికి వస్తున్నారని, వచ్చి బడికెళ్ళే దాకా ఉండిపోతారని కబురందింది. ఆవిడకి వేరే ఉత్తరం రాస్తున్నాను. తమరే పట్టుకెళ్ళి ఇవ్వగలరు, ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతారు కదా.