తల్లి దూరం నుంచి చూస్తూనే ఉంటుంది

పోయిన జూన్‌లో అమెరికా నుంచి పిల్లలతో దేవరకొండ దగ్గరి మా ఊరికి వెళ్లాం. చెలకలో గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు కనిపించాయి. గూడు లేదు, పొదిగే పిట్ట లేదు. మా పాప ఒకటే టెన్షన్. బూట్ల డబ్బాలో దూది పరిచి, బల్బు పెట్టి పొదిగిద్దామంది. చిన్నాయన ఆపాడు. "ముట్టకు బిడ్డా, అవి తీతువు పిట్టవి. మనం ఈడ ఉన్నంతసేపు అది రాదు."

వెనక్కి వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాం. పావుగంటకు తల్లి నడుచుకుంటూ వచ్చి గుడ్ల మీద కూర్చుంది. తీతువుకు నేల మీద చిన్న గుంట చాలు, మట్టిలో కలిసిపోయే గుడ్ల రంగే కాపలా. ఎండ ముదిరితే కడుపు కింది ఈకలు నీళ్లలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది. అలాంటి తల్లి ‘వదిలేసి పోయింది’ అనుకోవడం అన్యాయం. అది అరిస్తే కీడంటారు మనవాళ్లు. గుడ్ల దగ్గరికి రావద్దని అది పడే తపన ఆ అరుపు.

చాలా పిట్టలు ఆఖరి గుడ్డు పెట్టేదాకా పొదగవు. గుడ్డు చల్లగా ఉంటే పాడైనట్టు కాదు. ఈకలొచ్చి నేల మీద గెంతే పిల్ల ఎగరడం నేర్చుకుంటోంది, పిల్లినీ కుక్కనూ దూరంగా ఉంచితే చాలు. ఈకలు రాని పిల్ల పడిపోతే మెల్లగా తీసి గూట్లో పెట్టండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదని చిన్నప్పుడు నేనూ నమ్మాను. అది నిజం కాదు. పాలు, నీళ్లు మాత్రం నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. గాయమైతే అట్టడబ్బాలో వెచ్చగా, చీకట్లో ఉంచి ఊళ్లోనైతే ఫారెస్టు వాళ్లకు, అమెరికాలోనైతే దెబ్బతిన్న అడవి జీవాలను సాకే, లైసెన్సున్న వైల్డ్‌లైఫ్ రీహాబ్ వాళ్లకు చెప్పాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది నెమలి గుడ్లు తెచ్చి కోడి కింద పొదిగించడం. ప్రేమతో చేసినా తప్పే. కోళ్ల మధ్య, మనుషుల మధ్య పెరిగిన నెమలికి కుక్కను చూసి భయపడటం ఎవరు నేర్పుతారు? 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి పిట్టల గుడ్లు తీయడం కూడా వేటే. అమెరికాలోనూ 1918 నుంచి వలస పిట్టల గుడ్లు, గూళ్ల కోసం చట్టం ఉంది. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు ఈ మాట మన ఇళ్లలో మనమే చెప్పాలి.

దుక్కి దున్నేటప్పుడు చిన్నాయన ఆ గుడ్ల చుట్టూ నాలుగు కట్టెలు పాతి, ట్రాక్టర్‌ను అటు పోనియ్యలేదు. నెల తర్వాత మేం ఫోన్ చేస్తే, పిల్లలు తల్లి వెంబడి కుంట దిక్కు ఉరుకుతున్నాయని పాపకు చెప్పాడు.