షష్టిపూర్తి దాటిన మస్టాంగు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 1965 ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్ (కప్పు మడిచే కారు) గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్స్ ఫెయిర్‌లో తమ వంశం లోకానికి మొహం చూపించింది. అంటే షష్టిపూర్తి దాటేసింది. మా ఇళ్ళలో షష్టిపూర్తికి పాత పెళ్ళానికే మళ్ళీ తాళి కడతారు. తమకి మాత్రం పాత గుండె పీకి కొత్తది పెట్టి, పట్టుబట్టలు అవే కట్టి, "అచ్చం ఫ్యాక్టరీ నుంచి దిగినట్టే ఉంది" అని అక్షింతలు వేస్తున్నారు.

తమ సొంత గుండె 289 క్యూబిక్ ఇంచుల వి8 ఇంజను. నాలుగు బ్యారెళ్ళ కార్బ్యురేటర్‌తో 225 హార్స్‌పవర్ అని రాసుకున్నారు. అది ఆ కాలపు గ్రాస్ లెక్క. ఇంజను మీద ఆధారపడి బతికే సరంజామా అంతా విప్పేసి, స్టాండు మీద పెట్టి కొలిచిన అంకె. పెళ్ళిచూపుల్లో చెప్పే జీతం లాంటిది. ఇప్పుడు దాని స్థానంలో కూర్చోబెట్టింది కొయోటీ 5.0, ఫోర్డ్ వాళ్ళ ఈ కాలపు వి8. 2018 మస్టాంగ్ జీటీలో 460 హార్స్‌పవర్ ఇచ్చింది, అది చేతికొచ్చే జీతం. రెట్టింపు పైమాటే. బ్రేకులు మాత్రం నాలుగు చక్రాలకీ ఆనాటి డ్రమ్ములే. "అవి వచ్చే ఏడు చూద్దాం లెండి" అన్నారట యజమాని గారు.

ముందు ఆ బ్రేకుల సంగతే. పెడల్ తొక్కితే బ్రేకు నూనెని చక్రాలకి తోసే తమ మాస్టర్ సిలిండర్‌కి గది ఒక్కటే. ఏ చక్రం దగ్గర వీల్ సిలిండర్ కారినా పెడల్ నేరుగా నేలకి తగులుతుంది, మిగిలిన మూడు చక్రాలూ సానుభూతి చూపిస్తాయి. ఫోర్డ్ వాళ్ళే 1967 మోడల్‌కి రెండు గదులది పెట్టారు. కొందరు తెలివైనవాళ్ళు ముందు చక్రాలకి డిస్కులు వేసి, వాటికి డ్రమ్ముల కాలం నాటి మాస్టర్ సిలిండర్నే తగిలిస్తారు. దాని నోట్లో ఒక చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ముల కోసం లైన్లో పది పీఎస్ఐ దాకా ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. ఆ ఒత్తిడికి డిస్కు ప్యాడ్లు వెనక్కి రావు. పది కిలోమీటర్లు తోలేసరికి డిస్కు మీద దోసె వేసుకోవచ్చు. అప్పుడు ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ చెడిందని క్యాలిపర్ మారుస్తారు.

ఇక కోత. కొయోటీకి ఒక్కో హెడ్డు మీద వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్టులు రెండేసి. అల్యూమినియం దిమ్మ కాబట్టి బరువు పెద్ద తగాదా కాదు, వెడల్పే తగాదా. తమ బానెట్ కింద రెండు పక్కలా షాక్ టవర్లు ద్వారపాలకుల్లా నిలబడి ఉంటాయి. 289తోనే స్పార్క్ ప్లగ్గు తీస్తే మణికట్టు గీరుకుపోతుంది, కొయోటీ అసలు దూరదు. కనుక రంపం తెస్తారు. తమ ముందు స్ప్రింగు, చక్రాన్ని పట్టుకునే పై ఆర్మ్ మీద కూర్చుంటుంది, దాని తల టవర్లో ఉంటుంది. అంటే ముందు బరువు మోసేది ఆ టవరే. దాన్ని కోశాక ఆ భారమంతా కొత్త క్రాస్‌మెంబర్ (అడ్డదూలం) మీదుగా కింది రైళ్ళ మీద, అంటే బండి పొడుగునా ఉండే రేకు దూలాల మీద పడుతుంది. ఆ రైలు రేకు తుప్పుకి పల్చబడిందా? చిరిగిన పంచెకి జరీ అంచు కుట్టినట్టే. సుత్తితో కొట్టి చప్పుడు వినండి మహాప్రభో! ఖంగుమనాలి, బొత్తుమనకూడదు.

తమకి నెత్తిన కప్పు లేదన్న సంగతి అందరికీ ఫొటోల్లో గుర్తుంటుంది, గ్యారేజీలో గుర్తుండదు. కప్పు చేసే పని తమలో నేల చేస్తుంది: తలుపుల కింది గడపల లోపల అదనపు రేకు, ముందు మూలల్లో టార్క్ బాక్సులనే బిగువు పెట్టెలు. నేల కుళ్ళిందని మొత్తం ఒకేసారి కోస్తే తమరు నడుం విరిగిన మంచంలా మధ్యలో కుంగుతారు. కోసే ముందు తలుపుల ఖాళీల్లో అడ్డంగా, ఐమూలగా ఇనుప గొట్టాలు వెల్డు చేయాలి. బండి బరువు సస్పెన్షన్ దగ్గరే ఆని ఉండాలి, నడుం కింద జాకీ పెట్టకూడదు. ఒక పక్క కోసి, అతికి, మళ్ళీ టేపు పట్టి, ఆ తరవాతే రెండో పక్క. తలుపు చుట్టూ సందు పైనా కిందా సమానంగా నాలుగైదు మిల్లీమీటర్లు ఉండాలి. పైన రెండు, కింద ఏడు ఉన్నప్పుడు వెల్డు చేస్తే ఆ వంకర తమతోనే కాటికి వస్తుంది. దాన్ని పుట్టీతో సరిచేసే మహానుభావులూ ఉన్నారు. 460 గుర్రాలు మొదటిసారి లాగిన రోజు ఆ పుట్టీ జంతికలా విరుగుతుంది.

పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో చూడాలంటే ఒక బకెట్ నీళ్ళు చాలు. కార్పెట్ తీసేసి, విండ్‌షీల్డ్ ముందున్న గాలి జాలీలోకి పోయండి. నీళ్ళు ముందు మడ్‌గార్డుల వెనక నుంచి నేల మీద పడితే తమరు అదృష్టవంతులు. డాష్‌బోర్డు కింద నుంచి పాదాల మీదికి ధార కట్టిందంటే లోపల గాలి గొట్టాల చుట్టూ ఉన్న రేకు పోయింది. నేల ఎన్నిసార్లు మార్చినా మళ్ళీ కుళ్ళేది అందుకే. పైనుంచి సీలెంట్ పూస్తే రెండు వానలు ఆగుతుంది. స్పాట్ వెల్డులు ఒక్కొక్కటే డ్రిల్ చేసి పై రేకు లేపడమే అసలు వైద్యం. విసుగు పని, పైకి కనిపించదు, కాబట్టి ఎవరూ చేయించరు. పద్దెనిమిది అంగుళాల చక్రాలకి మాత్రం డబ్బు దొరుకుతుంది.

నిజానికి టవర్లు ఉంచుకునే దారి ఒకటుంది. ఎనభైల నాటి మస్టాంగుల 5.0 ఇంజను తమ 289కి సొంత తమ్ముడే, టవర్ల మధ్య బుద్ధిగా కూర్చుంటుంది. తమ్ముడే కదా అని అన్న సామాను తగిలిస్తేనే చిక్కు. ఇంజను కుదురుగా తిరగడానికి వెనక ఫ్లైవీల్‌కీ, ముందు బ్యాలెన్సర్‌కీ ఒక పక్కన బరువు పెడతారు. 289కి అవి 28 ఔన్సుల లెక్కవి. ఈ ఎనభైల 5.0కి 50 ఔన్సులవి. తారుమారైతే 2,500 ఆర్‌పీఎం దగ్గరే అద్దం వణుకుతుంది, కొన్నాళ్ళకి బేరింగులు సెలవు పెడతాయి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు అంటుకునే వరస) కూడా వేరు: 289ది 1-5-4-2-6-3-7-8, 5.0లో జోరు రకమైన హెచ్ఓది 1-3-7-2-6-5-4-8. పాత అలవాటుతో ప్లగ్గు తీగలు గుచ్చితే కార్బ్యురేటర్లోంచి దీపావళి. దాని వెనక టీ-5 అయిదు గేర్ల బాక్సు పెడితే, కన్వర్టిబుల్ కోసం చేసిన క్రాస్‌మెంబరే అడగాలి, కూపేది తమ నేలకి పట్టదు. ఇంజనుకీ గేర్‌బాక్సుకీ మధ్య ఉండే బెల్‌హౌసింగ్ బిగించాక, నడిమధ్యలో ఉందో లేదో డయల్ గేజి పెట్టి చుట్టూ తిప్పి చూడాలి. ముల్లు 5 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు అయిదు) దాటి ఆడితే, దాన్ని పక్కకి జరిపే ఆఫ్‌సెట్ డోవెల్ పిన్నులు వేయాలి. ఈ అరగంట పని ఎగ్గొట్టినవాళ్ళే తరవాత గేర్‌బాక్సు కంపెనీని తిడతారు.

టవర్లు మిగిలాయి కనుక పై ఆర్మ్ బిగించే రంధ్రాలని ఒక అంగుళం కిందికి దించండి. షెల్బీ డ్రాప్ అంటారు దాన్ని. కావలసింది ఒక టెంప్లేటు, ఒక డ్రిల్లు, ఒక మధ్యాహ్నం. తరవాత అలైన్‌మెంట్ ఎలాగూ ఉంటుంది. మలుపులో బయటి టైరు తారుని ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసుకోండి. ఖర్చు తక్కువ కావడమే దీనికున్న లోపం, నలుగురికీ చెప్పుకోడానికి పనికిరాదు.

కరెంటు సంగతి. తమ పాత తీగలు 40 ఆంపియర్ల చుట్టుపక్కల ఆల్టర్నేటర్‌కి అలవాటు పడినవి. వాటికి 130 ఆంపియర్లది తగిలిస్తే ముందు వాసన, తరవాత పొగ. ఇగ్నిషన్ తాళం నుంచి కాయిల్‌కి వెళ్ళే గులాబీ తీగ నిజానికి రెసిస్టెన్స్ తీగ, పాతకాలం ఇగ్నిషన్‌లో కరెంటు కలిపి విడదీసే పాయింట్లు కాలిపోకుండా వోల్టేజి తగ్గించడానికి పెట్టారు. ఫ్యూయెల్ ఇంజెక్షన్ కంప్యూటర్‌కి దాన్నే కలిపితే స్టార్టర్ తిరిగినంతసేపు ఇంజను అంటుకుంటుంది, తాళం వదలగానే చల్లారుతుంది. పెట్రోలు గొట్టమూ అంతే. కార్బ్యురేటర్‌కి అయిదారు పీఎస్ఐ చాలు, ఇంజెక్షన్‌కి 40 నుంచి 60 దాకా కావాలి. పాత రబ్బరు గొట్టం ఆ ఒత్తిడికి వేడి ఎగ్జాస్ట్ పక్కనే పగులుతుంది. పైగా తమ ట్యాంకు పైకప్పే డిక్కీ నేల. సూట్‌కేసు పెట్టేది నేరుగా పెట్రోలు నెత్తినే.

డాలస్‌లో తమని చూసి, హైదరాబాద్ తెచ్చుకుందామని కలలు కనే మనవాళ్ళకి ఒక మాట. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల్లో, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉన్న బండికే ఆ హోదా, నంబరులో వీఏ అక్షరాలూ. కొయోటీ గుండెతో వెళితే తమరు అక్కడ పెద్దవారు కారు, వేషం వేసిన కుర్రవారు.

గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నట్టు, నెలకోసారి కదిలే తమరికి వారానికోసారి బ్యాటరీ ఛార్జింగు. కంప్యూటర్ నిద్రలో కూడా తాగుతూనే ఉంటుంది. మెయిన్ స్విచ్ ఒకటి పెట్టించమని అయ్యగారికి మనవి చేయండి.

ఇట్లు,
తమ కింద వెల్లకిలా పడుకునే మెకానిక్కులు

తా.క.: మబ్బు పట్టింది. కార్పెట్ తీసి ఉంచమనండి.